లోటస్ ఎలెవెన్‌కి లింకు డాక్యుమెంట్లు

ఇంగ్లండులోని కోవెంట్రీలో మా పక్కింటి గ్యారేజీలో ఒక రేసు కారు ఉందని, ఆ గోడకి ఇవతల నాలుగేళ్లు కాపురం ఉండి కూడా నాకు తెలియదు. 2018 నవంబర్‌లో పెద్ద గాలి వచ్చి పక్కింటి పెద్దాయన గ్యారేజీ పైకప్పు రేకు ఒకటి లేచిపోయింది. ఆయనకి అప్పటికే డెబ్బై తొమ్మిదేళ్లు, నిచ్చెన ఎక్కుతుంటే చూడలేక నేను వెళ్లాను. లోపల పాత దుప్పట్ల కింద ఏదో పొడుగ్గా పడుకుని ఉంది, ఎత్తు నా నడుం దాకా కూడా లేదు. వాన నీళ్లు దాని మీద పడుతున్నాయేమోనని ఆయన కంగారుగా దుప్పటి లాగారు.

అల్యూమినియం రేకు, మాసిపోయిన నీలం రంగు, పగిలిన ఒక హెడ్‌లైట్ అద్దం. ఇంజన్ లేదు. ఇంజన్ పక్కన చెక్కపెట్టెలో ఉంది, గేర్‌బాక్స్ ఇంకో పెట్టెలో, మిగతావన్నీ బిస్కెట్ డబ్బాల్లో, పొగాకు డబ్బాల్లో. ఆయన 1968లో 120 పౌండ్లకి కొన్నారట, 1971లో బాగు చేద్దామని మొత్తం విప్పారట, పిల్లలు, ఉద్యోగం, ఆవిడ అనారోగ్యం, అలా నలభై ఏడేళ్లు గడిచిపోయాయి.

అది 1956 లోటస్ ఎలెవెన్, క్లబ్ మోడల్.

నేను పనిచేసేది కార్ల కంపెనీలోనే. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని క్రాష్ సిమ్యులేషన్లు చేస్తాను. అయినా ఈ కారుని ఫొటోల్లో తప్ప చూడలేదు. ఉత్తర లండన్ హార్న్‌సీలో, లోటస్ పెట్టిన కాలిన్ చాప్‌మన్ వాళ్ల నాన్న నడిపిన రైల్వే హోటల్ వెనక షెడ్డులో ఆ కంపెనీ మొదలైంది. అక్కడ నుంచి వచ్చిన కార్లలో ఇంత అందమైనది ఇంకోటి లేదని నా అభిప్రాయం. దీని ఒంటి ఆకారం గీసిన ఫ్రాంక్ కాస్టిన్ డీ హావిలాండ్ విమానాల కంపెనీలో ఇంజనీరు, గాలి ఎటు ఎలా పోతుందో చూడటమే ఆయన పని. 1956లో ఫ్రాన్స్‌లోని లెమాన్స్ 24 గంటల రేసులో 1100 సీసీ క్లాసు ఈ కారే గెలిచింది, మొత్తం మీద ఏడో స్థానం. అదే ఏడాది ఇటలీలోని మోంజాలో రేసు డ్రైవరు స్టిర్లింగ్ మాస్, పైన గాజు బుడగ బిగించిన ఎలెవెన్‌ని గంటకి 143 మైళ్ల సగటుతో ఒక చుట్టు తిప్పాడు. ఇంజను చూస్తే 1100 సీసీయే! బరువు మొత్తం సుమారు 450 కిలోలు, అంటే మన మారుతి 800 కంటే దాదాపు రెండు వందల కిలోలు తక్కువ.

మా పక్కింటిది లెమాన్స్ వెళ్లిన కారేం కాదు. క్లబ్ మోడల్ అంటే వెనక మామూలు యాక్సిల్, డిస్కుల బదులు డ్రమ్ము బ్రేకులు, ముందు వైపు ఫోర్డ్ కారు యాక్సిల్‌ని మధ్యకి కోసి అతుకు పెట్టిన సస్పెన్షన్. వారమంతా ఉద్యోగం చేసుకుని ఆదివారం రేసుకి వెళ్లే మనుషుల కోసం చేసిన కారు. నాకు అది ఇంకా నచ్చింది.

"నీకు శనివారాలు ఖాళీయేనా?" అని అడిగారాయన. అక్కడ మొదలైంది. మధ్యలో కరోనా వచ్చింది, అంతా కలిపి దాదాపు ఐదేళ్లు పట్టింది.

ఆయన కోవెంట్రీ ఫ్యాక్టరీల్లో టూల్‌మేకర్‌గా చేసి రిటైరైన మనిషి. మొదటి రోజే ఒక నియమం పెట్టారు. కారు నుంచి ఏది తీసినా, ఎంత పాడైపోయింది అయినా, చెత్తలో వేయకూడదు. చీటీ కట్టి డబ్బాలో పెట్టాలి, నోటు పుస్తకంలో తారీఖుతో రాయాలి. తుప్పు పట్టిన వాషర్‌కి కూడా చీటీ ఏంటని మొదట్లో నాకు విసుగొచ్చేది. కాని ఆ నియమం లేకపోతే ఈ కారు కథ ఇంకోలా అయ్యేది.

మొదట ఫ్రేము పని పట్టాం. ఎలెవెన్‌కి అస్థిపంజరం అంటే ఒక అంగుళం, ముప్పావు అంగుళం ఉక్కు గొట్టాలు, కొన్ని గుండ్రం, కొన్ని నలుపలక. పద్దెనిమిది గేజి గొట్టం మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు. కింద వైపు గొట్టాలకి అల్యూమినియం రేకు రివెట్లతో బిగించి ఉంటుంది, అదే నేల, అదే బలం కూడా. ఉక్కుకీ అల్యూమినియానికీ మధ్య నీళ్లు చేరితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పైకి రంగు బాగానే ఉంటుంది, లోపల గొట్టం తినేసి ఉంటుంది. పెద్దాయన చిన్న సుత్తితో ప్రతి అంగుళం కొడుతూ చెవితో వినేవారు. గట్టి గొట్టం ఖంగుమంటుంది, పాడైంది డొల్లగా మోగుతుంది. నేను ఆఫీసులో ఒకరి దగ్గర మందం కొలిచే అల్ట్రాసోనిక్ మీటరు అడిగి తెచ్చాను. ఆయన చెవికీ నా మీటరుకీ రెండే చోట్ల తేడా వచ్చింది, ఒక చోట ఆయన చెప్పిందే నిజమైంది.

కింది గొట్టాల్లో కొన్ని చోట్ల మందం 0.5 మిల్లీమీటర్ల దాకా దిగిపోయింది. ఇక్కడ అందరూ చెప్పే సలహా ఒకటే: కొత్త ఫ్రేము చేయించుకో, తొందరగా అవుతుంది, ఖర్చు కూడా తక్కువే, వంకర లేకుండా ఉంటుంది. చేసేవాళ్లు ఉన్నారు కూడా. మాకు తెలిసిన ఇద్దరు అలాగే చేశారు. నేను వాళ్లని తప్పు పట్టను, రేసుకి గట్టి ఫ్రేము కావాలి, ప్రాణం ముఖ్యం. కాని ఫ్రేము మారిపోయాక, ఒళ్లు మారిపోయాక, 1956లో హార్న్‌సీ నుంచి బయల్దేరిన కారు ఎక్కడుందని అడిగితే ఏం చూపిస్తాం? పాడైన చోట మాత్రమే కోసి అదే కొలత గొట్టం వేయించాం. కింద ఎడమ పక్క నాలుగడుగులు, కుడి పక్క అడుగున్నర, ముందు రెండు అడ్డ గొట్టాలు. వెల్డింగ్ చేసిన మనిషి చాలా ఓపిక ఉన్నవాడు, ఫ్రేము వంకర పోకుండా ప్రతి అతుకుకీ మధ్య అరగంట ఆగి చల్లారనిచ్చేవాడు. కోసిన ముక్కలన్నీ చీటీలతో డబ్బాలోకి వెళ్లాయి.

తరువాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

వెనక తోక భాగం మొత్తం ఒకే రేకు మూతలా వెనక్కి తెరుచుకుంటుంది. దానికి అంచుల్లో పగుళ్లు. ఎడమ పక్క చక్రం పైన అరచెయ్యంత అతుకు, ఎవరో పాత రోజుల్లో వేసింది, వంకరటింకర రివెట్లతో. పగుళ్లు వెల్డింగ్ చేయించడానికి ఒక రేకుల షాపుకి ఇచ్చాం. ఏ షాపో ఇక్కడ రాయను. పగుళ్లు మాత్రమే చేయమని కాగితం మీద రాసిచ్చాం. రెండు వారాల తరువాత ఫోన్ చేసి, చాలా బాగా వచ్చింది, వచ్చి చూసుకోండి అన్నారు. వెళ్లాను. నిజంగానే అద్దంలా ఉంది. ఎడమ చక్రం పైన అతుకు లేదు. "అసహ్యంగా ఉంటే కోసేసి కొత్త రేకు వేశాం, దానికి డబ్బులు వద్దులెండి" అన్నాడతను. పాపం మంచి మనసుతోనే చేశాడు. కోసిన ముక్క ఏదని అడిగాను. తుక్కు డబ్బా వైపు చూపించాడు.

అది గురువారం సాయంత్రం, శుక్రవారం పొద్దున తుక్కు బండి వస్తుంది. కోటు తీసేసి డబ్బాలోకి వంగాను. అల్యూమినియం ముక్కల అంచులు బ్లేడుల్లా ఉంటాయి, రెండు వేళ్లు తెగాయి. గంటన్నర పట్టింది. అడుగున దొరికింది. ఒక పక్క నీలం రంగు, ఇంకో పక్క నల్లటి జిగురు, పదకొండు రివెట్లు. పైన ఆరు దగ్గర దగ్గరగా, కింద నాలుగు దూరం దూరంగా, మూలన ఒకటి విడిగా. ఆ పదకొండూ ఇవాళ్టికీ కళ్లు మూసుకుని గీయగలను. ఇంటికి తెచ్చి పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఆయన ఏమీ అనలేదు, చాలాసేపు దాన్ని చేత్తో తడుముతూ కూర్చున్నారు. తరువాత చీటీ కట్టారు.

కాగితాల విషయం అసలు ఇక్కడ నుంచే వస్తుంది.

ఆ రోజుల్లో తయారైన కారు కొంటే పర్చేజ్ ట్యాక్స్ పడేది. విడిభాగాలుగా కొని ఇంటి దగ్గర బిగించుకుంటే పడేది కాదు. అందుకని లోటస్‌లు చాలావరకు పెట్టెల్లో అమ్ముడయ్యాయి. ఎలెవెన్‌లు మొత్తం సుమారు 270 అంటారు. వాటిలో ఏది ఎవరింట్లో ఎప్పుడు పూర్తయింది, దేనికి ఏ ఇంజన్ పడింది అనేది ఫ్యాక్టరీ కాగితం ఒక్కటే చూసి చెప్పడం కష్టం. పైగా 1980ల్లో వెస్ట్‌ఫీల్డ్ కంపెనీ మొదలైందే ఎలెవెన్ నకళ్లతో. నకళ్లు నకళ్లుగా ఉంటే గొడవ లేదు, కాని నలభై ఏళ్లలో ఏది ఏదో చూడగానే చెప్పలేని స్థితి వచ్చింది. అందుకే పాత ఎలెవెన్ అని ఎవరు చెప్పినా తెలిసినవాళ్లు ముందు అనుమానంగానే చూస్తారు, చూడాలి కూడా.

మా దగ్గర ఏమున్నాయి? కౌంటీ కౌన్సిల్ ఇచ్చిన పాత లాగ్ బుక్, అంటే రిజిస్ట్రేషన్ పుస్తకం, గోధుమరంగు అట్ట. అందులో ముగ్గురు ఓనర్ల పేర్లు, ముద్రలు, చివరి ముద్ర 1961. పెద్దాయన కొన్నది 1968లో, నన్‌ఈటన్ దగ్గర ఒక గ్యారేజీ నుంచి. ఆ గ్యారేజీ పేరు లాగ్ బుక్‌లో లేదు. ఛాసిస్ నంబర్ ప్లేటు పొగాకు డబ్బాలో విడిగా ఉంది, 1971లో రంగు కోసమని ఆయనే విప్పారు. రిజిస్ట్రేషన్ నంబరేమో చెల్లదు, ఎందుకంటే 1983 నాటికి స్వాన్సీలోని డీవీఎల్ఏ (వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ) కంప్యూటర్‌లోకి ఎక్కని పాత నంబర్లన్నీ పోయాయి. పోయిన నంబర్‌ని తిరిగి తెచ్చుకోవడానికి వీ765 అని ఒక దరఖాస్తు ఉంది. పాత అసలు కాగితం చూపించాలి, డీవీఎల్ఏ గుర్తించిన ఓనర్ల క్లబ్ ఒకటి ఆ కారు ఇదేనని సంతకం పెట్టాలి.

క్లబ్ తరఫున వచ్చిన మనిషి పొగాకు డబ్బాలో ప్లేటు చూసి నవ్వలేదు, కోప్పడలేదు. "ఈ ప్లేటు అసలుదే అనుకుంటున్నాను. కాని విడిగా ఉన్న ప్లేటు దేనికీ సాక్ష్యం కాదు" అన్నారు. ప్లేట్లు చేతులు మారతాయి, అమ్ముడవుతాయి. మరి 1961 నుంచి 1968 దాకా కారు ఎక్కడుంది?

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. మా నాన్న నాయుడుపేటలో ముప్పై ఏడేళ్లు దస్తావేజు లేఖరిగా చేశారు. కుర్రతనంలో స్నేహితులతో బస్సెక్కి షోలవరం వెళ్లి, ఆ పాత మిలటరీ రన్‌వే మీద మద్రాసు వాళ్లు పెట్టే కార్ల రేసులు చూసొచ్చేవారు. అందుకని నా కారు కబుర్లు ఓపిగ్గా వింటారు. అంతా విని, "ఏందిరా, అక్కడ కూడా లింకు డాక్యుమెంట్లు అడుగుతున్నారా?" అన్నారు. ఆ మాట వినగానే నాకు మొత్తం అర్థమైపోయింది. ఇన్ని నెలలుగా ఇంగ్లీషు మాటల్లో ఆలోచిస్తూ చిక్కుపడ్డది ఆ ఒక్క మాటతో విడిపోయింది.

"ఎవరి నుంచి ఎవరికి పోయిందో ఒక కాగితం మీద రాసుకో నాయనా, మధ్యలో బాణాలు గీయి. ఎక్కడ బాణం గీయలేకపోతే అక్కడ వెతుకు. ఇంకోటి, నంబరు మీదే కూర్చోవద్దు. దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడినా హద్దులు సరిపోతే భూమి అదేనని నిలబడుద్ది. నీ కారుకి హద్దులేందో చూడు" అన్నారు.

హద్దులు. తూర్పు ఫలానా వారి చేను, పడమర కాలవ. కారుకి హద్దులంటే ఏమిటి?

హిస్టారిక్ లోటస్ రిజిస్టర్ అనే సంఘం ఉంది, పాత లోటస్‌ల గురించి వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. అక్కడా, లీస్టర్‌షైర్ లోకల్ పత్రికలోనూ చిన్న ప్రకటన వేశాం: 1961-68 మధ్య ఈ నంబరు కారు ఎవరిదైనా తెలిస్తే చెప్పండి అని. ఐదు నెలలు ఏమీ లేదు. ఆ ఐదు నెలల్లో నేను కౌంటీ ఆర్కైవ్స్‌కి వెళ్లి పాత రిజిస్ట్రేషన్ లెడ్జర్ చూశాను. రిజిస్ట్రేషన్ పని స్వాన్సీకి పోయాక చాలా కౌన్సిళ్లు ఆ లెడ్జర్లు పారేశాయి, మా అదృష్టం ఇది మిగిలింది. చేత్తో రాసిన ఒక వరసలో నంబరు, లోటస్, ఛాసిస్ నంబరు. లాగ్ బుక్‌తో అక్షరం అక్షరం సరిపోయింది. మొదటి బాణం గట్టిపడింది, మధ్య బాణం మాత్రం అలాగే ఉంది.

ఇంతలో నేను తోక భాగం రంగు దిగువకి దిగుతున్నాను. నీలం రంగు మొత్తం ఒకేసారి తీయకుండా, నాణెమంత చోట వాటర్ పేపరుతో, సబ్బు నీళ్లతో, మెల్లగా. నీలం కింద లేత బూడిద రంగు ప్రైమరు. దాని కింద ఎరుపు. ఎరుపు కింద ముదురాకుపచ్చ, ఆ కింద తెల్లటి లోహం. చెట్టు కాండంలో వలయాల్లా నాలుగూ కనిపించాయి. కుడి పక్క ఒక చోట ఎరుపు మీద తెలుపు తగిలింది. కాస్త పక్కకి జరిగితే తెలుపు మీద నలుపు. మూడు శనివారాలు ఆ చోటే పనిచేశాను. తెల్లటి గుండ్రం, అందులో నల్ల రంగుతో చేత్తో రాసిన 64. ఆరు అంకె పొట్ట కొంచెం వాలి ఉంది, రాసినవాడు తొందరలో ఉన్నట్టు.

ఆ తరువాత నెల ఉత్తరం వచ్చింది. డెర్బీ దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడ, ఆ కారు 1962 నుంచి 1966 దాకా మా నాన్నది అని రాశారు. మేమిద్దరం వెళ్లాం. టీ ఇచ్చి ఆల్బమ్ ముందు పెట్టారు. మాలరీ పార్క్ రేసు ట్రాకులో షాస్ హెయిర్‌పిన్ మలుపు, నలుపు తెలుపు ఫొటో, కారు వెనక ఎడమ వైపు నుంచి తీసింది. కారు మీద 64. పెద్దాయన జేబులోంచి భూతద్దం తీశారు. ఎడమ చక్రం పైన అరచెయ్యంత అతుకు. నేను ఫోన్‌లో మా ముక్క ఫొటో తీసి పక్కన పెట్టాను. పైన ఆరు, కింద నాలుగు, మూలన ఒకటి.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ కంగారుపడి ఏమైందని అడిగితే పెద్దాయనే చెప్పారు. స్నెటర్టన్ రేసు ట్రాకులో ఎవరో గుద్దితే వాళ్ల నాన్న వంటింటి బల్ల మీద ఆ రేకు కొట్టి రివెట్లు వేశారని, అమ్మ వారం రోజులు మాట్లాడలేదని ఆవిడ అన్నారు. కొన్నప్పటి రసీదు ఉంది, అందులో ఛాసిస్ నంబరు ఉంది. డైరీలో 1966లో నన్‌ఈటన్ గ్యారేజీకి ఇచ్చేసినట్టు ఒక్క లైను. బాణాలన్నీ కలిశాయి.

ఇక్కడ ఒక కోర్టు కేసు గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ రంగంలో అందరూ దాన్నే తలుచుకుంటారు. 1929, 1930ల్లో లెమాన్స్ గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్, 'ఓల్డ్ నంబర్ వన్' అంటారు. తరువాతి ఏళ్లలో దానికి ఒళ్లు, ఫ్రేము, ఇంజన్ అన్నీ మారుతూ వచ్చాయి. కోటి పౌండ్లకి బేరం కుదిరాక, ఇది అసలు కారు కాదని కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. 1990లో లండన్ హైకోర్టులో జస్టిస్ ఓటన్ తీర్పు చెప్పారు. మొదట పుట్టిన లోహం ఇందులో లేకపోవచ్చు, కాని ఎక్కడా తెంపు లేకుండా ఒకే కారుగా బతుకుతూ వచ్చింది, కాబట్టి ఆ పేరు దీనిదే. అంటే చరిత్ర తెగకపోవడమే లెక్క. నాకు ఆ తీర్పు సబబుగానే అనిపిస్తుంది. కాని తెగలేదని చూపించాలంటే రసీదులు, ఫొటోలు, తుక్కు డబ్బాలోంచి తీసిన ముక్కలు కావాలి కదా.

అతుకు ముక్కని మళ్లీ దాని చోటే పెట్టించాం. వేరే మనిషి చేశాడు, ఆ కొత్త రేకు తీసేసి, పాత ముక్క అంచులు వెల్డింగ్ చేసి, రివెట్లు ముట్టుకోకుండా.

క్లబ్ సంతకం పెట్టింది. వీ765 పంపాక ఎదురుచూసిన రోజుల్లో టెన్షన్ తట్టుకోలేక రోజూ రెండు పూటలా పోస్టు చూసుకునేవాళ్లం. నంబరు వచ్చింది. అలా వచ్చిన నంబర్‌ని ఇంకో కారుకి మార్చడానికి వీల్లేదు, ఈ కారుతోనే ఉండాలి. పెద్దాయనకి అదే ఎక్కువ సంతోషం. కొత్త రిజిస్ట్రేషన్ పుస్తకం, వీ5సీ అంటారు, దాని ఫొటో నాన్నకి పంపితే, దాని మీద ఇది యాజమాన్య హక్కుకి రుజువు కాదని అచ్చేసి ఉందేంటని చాలా ఆశ్చర్యపోయారు. నిజమే, ఇక్కడ ఆ పుస్తకం పన్నుకీ జరిమానాలకీ ఎవరు బాధ్యులో మాత్రమే చెబుతుంది. అందుకే పాత రసీదులకి అంత విలువ.

ఇంజన్ సంగతి కొంచెం చెప్తాను. కోవెంట్రీ క్లైమాక్స్ ఎఫ్‌డబ్ల్యూఏ, 1098 సీసీ, సుమారు 75 హార్స్‌పవర్. ఈ ఊళ్లోనే పుట్టిన ఇంజన్. దీని అసలు పుట్టుక రేసుల కోసం కాదు, మంటలార్పే పంపు కోసం. యుద్ధం తరువాత ప్రభుత్వం సగం బరువుతో రెండింతల నీళ్లు తోడే పంపు కావాలని అడిగితే, జాగ్వార్ నుంచి వచ్చిన వాల్టర్ హాసన్, బీఆర్ఎం అనే రేసు కార్ల కంపెనీ నుంచి వచ్చిన హ్యారీ మండీ మొత్తం అల్యూమినియంతో తేలికైన ఇంజన్ చేశారు. ఇద్దరు మనుషులు మోసుకెళ్లి పెట్టే పంపు ఇంజన్ రేసు కారుకి ఎంత బాగుంటుందో చూసినవాళ్లు ఊరుకుంటారా? 1954 లెమాన్స్‌కే వెళ్లిపోయింది.

అల్యూమినియం బ్లాకులో ఇనుప లైనర్లు, చుట్టూ నీళ్లు. నలభై ఏళ్లు ఖాళీగా ఉన్నా, విప్పేటప్పుడు అడుగున మిగిలిన నీళ్లు చేయాల్సిందంతా చేశాయి. హెడ్‌లో నీళ్ల దారులు చెదలు తిన్న దూలంలా ఉన్నాయి. కొత్త హెడ్ దొరుకుతుంది. మేం పాతదానికే వెల్డింగ్ పోయించి, మళ్లీ దారులు తొలిపించి, గాలి పెట్టి నీళ్లలో ముంచి చూశాం. మొదటిసారి మూడో సిలిండర్ పక్క నుంచి సన్నగా బుడగలు. రెండోసారి లేవు.

రేసుల్లో దింపాలంటే ప్రపంచ మోటారు రేసుల సంఘం ఎఫ్ఐఏ వాళ్ల హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్టు కావాలి, ఇంగ్లండులో మోటార్‌స్పోర్ట్ యూకే ద్వారా వస్తుంది. చాలామంది దీన్ని కారు అసలుదని చెప్పే సర్టిఫికెట్ అనుకుంటారు, కాదు. ఆ కాలంలో ఎలా ఉండేదో అలాగే ఉందా అని మాత్రమే చూస్తారు. వాళ్ల లెక్కలో మా కారు 1947 నుంచి 1960 దాకా ఉన్న పీరియడ్ ఇ కిందికి వస్తుంది. చక్రం వెడల్పు, బ్రేకులు, కార్బ్యురేటర్లు అన్నీ ఫొటోలతో ఇవ్వాలి. మేం అన్నీ నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాం కాబట్టి నాలుగు సాయంత్రాల్లో ఫారం నిండిపోయింది.

రంగు విషయంలో మాత్రం మా ఇద్దరికీ పట్టింపు వచ్చింది. నాకు మొదటి ఆకుపచ్చ వేయాలని ఉండేది. ఆయన ఎరుపే అన్నారు, ఎందుకంటే మన దగ్గర ఉన్న ఫొటో ఎర్రగా ఉన్నప్పటిది, ఆ అతుకు ఎర్రగా ఉన్నప్పటిది. కారు ఆయనది, పైగా ఆయన అన్నదే సరైందని ఇప్పుడు నాకూ అనిపిస్తోంది. 64 ఉన్న చోట కొత్త రంగు వేయలేదు. పాత ఎరుపు, పాత తెలుపు, వాలిన ఆరు అంకె అలాగే ఉంచి చుట్టూ కలిపేశాం. దగ్గరికి వెళ్తే తేడా తెలుస్తుంది.

2023 సెప్టెంబర్‌లో మాలరీ పార్క్‌లో టెస్టు రోజు. ముందు స్పార్కు ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా స్టార్టర్ తిప్పాం. తరువాత ప్లగ్గులు పెట్టి, పెద్దాయన స్విచ్ మీద చెయ్యి వేసి నా వైపు చూశారు. రెండోసారికి అందుకుంది. కుట్టు మిషను ఎవరో కోపంగా తొక్కుతున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు, పెద్దది కాదు, కాని ఎముకల్లోకి వెళ్తుంది. ఎనభై నాలుగేళ్ల మనిషి హెల్మెట్ పెట్టుకుని, నేనూ ఇంకొకరూ చంకల కింద పట్టుకుంటే లోపలికి దిగి, మూడు చుట్లు మెల్లగా తిరిగొచ్చారు. డెర్బీ ఆవిడ హెయిర్‌పిన్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను నాన్నకి వీడియో కాల్ పెట్టి ఫోను ఎత్తి పట్టుకున్నాను. "ఎడమ పక్క చూపించరా, ఎడమ పక్క" అంటున్నారు నాన్న. కారు మలుపు తిరుగుతుంటే చూపించాను.

తరువాత నన్ను ఎక్కమన్నారు. నాలుగు చుట్లు నడిపాను. రోడ్డు కింద నుంచే జారిపోతున్నట్టు ఉంటుంది, చెయ్యి చాపితే తారు అందుతుంది. మూడో గేరులో సన్నగా అరుపు వినిపించింది. ఆస్టిన్ ఏ30 గేర్‌బాక్స్ అది, దగ్గర దగ్గర నిష్పత్తుల పళ్లచక్రాలు వేసింది. బేరింగ్ అయి ఉంటుందని ఆయన అన్నారు, పళ్లు అరిగాయేమోనని నా అనుమానం. నోటు పుస్తకంలో తారీఖు వేసి రెండూ రాశాం. ఈ చలికాలం విప్పాలి.